కుచ్చులు లేని గౌను

రోడ్డు అవతల తల్లి చెయ్యి పట్టుకొని నడిచే పిల్లను ఒక్కసారి చూస్తే చాలు, కటింగ్ మాస్టారు ఆ పిల్ల సైజు చెప్పేసేవాడు. ఛాతీ ఇరవై నాలుగు. పొట్ట కాస్త ముందుకుంది కాబట్టి ముందు ముక్క అర అంగుళం పొడుగు వదలాలి. భుజాలు జారినట్టున్నాయి కాబట్టి చంక కొంచెం పైకి కత్తిరించాలి. ఇదంతా ఆయన గొప్పకోసం చేసేది కాదు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల బట్టలు కత్తిరించిన కళ్లకు అలా అలవాటైపోయింది. పెళ్లికి వెళ్లినా, ఆస్పత్రిలో వరుసలో నిలబడినా చూపు పిల్లల భుజాల మీదే ఉండేది. "ఈయనతో బయటికెళ్తే మనిషితో నడిచినట్టుండదు, టేపుతో నడిచినట్టుంటుంది" అని భార్య నవ్వేది.

ఆయన పనిచేసిన కంపెనీ బజారు వెనక వీధిలో రెండంతస్తుల భవనం. కింద గోడౌను, ప్యాకింగు. పైన ఒకటే పొడవాటి హాలు. హాలుకి ఒక చివర ఇరవై అడుగుల కటింగ్ బల్ల, మిగతా జాగా అంతా నాలుగు వరుసల కుట్టు మిషన్లు. బల్ల వెనక గోడకి, అప్పుడే పుట్టిన బిడ్డ చొక్కా దగ్గర్నుంచి పదేళ్ల పిల్ల గౌను దాకా, అట్ట నమూనాలు మేకులకు వేలాడుతుండేవి. కంపెనీ పెట్టిన పెద్దాయన రోజుల్లో షాపులవాళ్లు ఒకే గుడ్డలో మూడు నాలుగు సైజులు అడిగేవారు. అక్కకీ చెల్లికీ చంటిదానికీ ఒకే పువ్వుల గౌను. "ముగ్గురి సెట్టు", "నలుగురి సెట్టు" అనేవారు వాటిని. సెలవులొస్తున్నాయంటే మాస్టారు నెల ముందునుంచీ అన్నం కూడా నిలబడే తినేవాడు.

మూడో వరుసలో కిటికీ పక్క మిషను ఆయన మరదలిది, భార్యకు సొంత చెల్లెలు. పెళ్లైన నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లల్లేరు. అక్క ఇంటి సందులోనే ఒక గది తీసుకొని ఉండేది. ఇరవై రెండేళ్ల కిందట మాస్టారే ఆమెను తీసుకొచ్చి మిషను ముందు కూర్చోబెట్టాడు. మొదటి వారం ఆమె ఏడవని రోజు లేదు.

"బావా, ఈ గుడ్డ నా మాట వినట్లేదు."

"గుడ్డ ఎవరి మాటా వినదు. నువ్వే దాని మాట విను."

ఆ మాట ఆమె ఎలా అర్థం చేసుకుందోగానీ, ఏడాది తిరిగేసరికి ఆ హాల్లో ఆమెలాగా కుచ్చులు పట్టేవాళ్లు లేకుండా పోయారు. నాలుగు మీటర్ల గుడ్డను సుద్దగీత కూడా లేకుండా వేళ్లతో సర్దుకుంటూ, ఇరవై రెండంగుళాల నడుంలోకి కుచ్చులన్నీ సమానంగా ఇమిడ్చేది. ఎక్కడా ముద్దకట్టేది కాదు, ఎక్కడా పలచబడేది కాదు. అందరూ ఆమెను కుచ్చులక్క అని పిలిచేవారు. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే ఓ క్షణం ఆలోచించి తిరిగి చూసేది.

పిల్లలు తగ్గిపోతున్న సంగతి లోకానికి పేపర్లో తెలిసింది. మాస్టారికి బల్ల మీద తెలిసింది. మొదట నలుగురి సెట్టు పోయింది. కొన్నేళ్లకు ముగ్గురి సెట్టు పోయింది. ఆ తరవాత అసలు 'సెట్టు' అనే మాటే వినబడటం మానేసింది. అప్పుడు మాత్రం ఎవరూ బెంగపెట్టుకోలేదు. ఎందుకంటే ఇంటికొక్క పిల్లే ఉన్నా, ఆ ఒక్క పిల్లకి కొనిపెట్టడానికి తల్లీతండ్రీ కాక రెండువైపుల తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ పోటీ పడేవారు. గౌన్లు తక్కువ, కుచ్చులు ఎక్కువ. మూడు వరసల కుచ్చులు, చేతులకు కుచ్చులు, మెడకు కుచ్చులు. కుచ్చులక్క వెలిగిపోయిన రోజులవి. పెద్దాయన పోయాక కంపెనీ చేతికి తీసుకున్న ఆయన కూతురు, అందరూ మేడమ్ అనే ఆవిడ, షాపులవాళ్లని తీసుకొచ్చి మరీ కుచ్చులక్క చేతులు చూపించేది.

ఆ తరవాత అదీ తగ్గింది. ఆర్డర్లు తెచ్చే ఏజెంటు ఒకరోజు బల్లకి ఆనుకొని నిలబడి, టీ చల్లారిపోయేదాకా తాగకుండా ఉండిపోయాడు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడరు కదా?"

"అడుగు."

"కుక్కలకి కోట్లు కుడతారా? బజార్లో మూడు పిల్లల బట్టల షాపులుండేవి కదా, అందులో ఒకటి ఇప్పుడు కుక్కల సామాన్ల షాపయింది. ఆర్డరు బాగా ఇస్తానంటున్నాడు."

హాల్లో ముందు వరుసవాళ్లు కిసుక్కుమన్నారు. మాస్టారు కూడా నవ్వాడు. "కొలతలకి అది కదలకుండా నిలబడుతుందా?" అన్నాడు. ఏజెంటు మాత్రం నవ్వలేదు. అతను నిజంగానే అడిగాడు.

ఆ నెలాఖర్లోనే మేడమ్ మాస్టార్ని తన గదిలోకి పిలిచింది. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. ఆవిడ స్వయంగా జనన మరణాలు రాసే ఆఫీసుకి వెళ్లి పదిహేనేళ్ల అంకెలు తీయించుకొచ్చింది. ప్రసూతి ఆస్పత్రిలో అడిగొచ్చింది. ఒకప్పుడు వరండాలో కూడా మంచాలు వేసినచోట, ఇప్పుడు వారంలో రెండు రోజులు కాన్పుల గదికి తాళమే తీయడం లేదట. రెండు బళ్లని కలిపి ఒక్కటి చేసినా, ఒకటో తరగతిలో బెంచీలు ఖాళీగానే ఉన్నాయట.

"ఈ ఏడు పుట్టినవాళ్లే మాస్టారూ, ఐదేళ్ల తరవాత మన ఐదేళ్ల సైజు. అంటే ఐదేళ్ల తరవాత మన అమ్మకం ఎంతుంటుందో ఇప్పుడే తెలిసిపోయింది. నేనెంత తిరిగినా, మీరెంత బాగా కత్తిరించినా, పుట్టని పిల్లకి గౌను అమ్మలేం కదా."

"మళ్లీ పుట్టరంటావా అమ్మా?" అన్నాడు మాస్టారు. ఆవిణ్ణి చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు కాబట్టి పక్కన ఎవరూ లేనప్పుడు అమ్మా అనేవాడు.

మేడమ్ ఆయన ముఖంలోకి చూసింది. ఆవిడకి నలభై ఒకటి. పిల్లల్లేరు. "మీ అమ్మాయికో?" అంది మెల్లగా.

మాస్టారు తలవంచుకున్నాడు. ఆయనకి ఒక్కతే కూతురు. పెళ్లై ఏడేళ్లయింది. కిందటేడు ఆయన నోరు తెరిచి అడిగితే, ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు, సిగ్గుపడలేదు. "వద్దనుకున్నాం నాన్నా," అంది. "ఆయన పొద్దున డ్యూటీ, నేను రాత్రి డ్యూటీ. ఒకరి మొహం ఒకరం చూసుకునేది ఆదివారం. పుడితే ఎవరు చూస్తారు? అమ్మకి మోకాళ్లు లేవవు. నువ్వేమో బల్ల వదిలి రావు." ఆయన ఒకటో సైజు నుంచి పదో సైజు దాకా గౌన్లన్నీ మనసులో ఎప్పుడో కత్తిరించి పెట్టుకున్నాడు. ఆ మాట కూతురికి చెప్పలేదు.

"మరి ఏం చేద్దాం?" అని అడిగాడు మేడమ్‌ని.

"పిల్లలు తగ్గారు. ముసలివాళ్లు పెరిగారు. మంచాన పడ్డవాళ్ల కోసం కొత్తగా హోములు పెడుతున్నారు, మన చుట్టుపక్కలే ఆరున్నాయి. వాళ్లకి మామూలు బట్టలు తొడగడం కుదరదు. వాళ్లకి సరిపడే గౌను మీరు తయారుచేసి పెట్టాలి."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కానీ కాదనడానికి ఆయన దగ్గర వేరే దారేదీ లేదు. మరునాడు టేపు జేబులో వేసుకొని మేడమ్ వెంట హోముకి వెళ్లాడు.

అది రోడ్డు పక్కన పాత గెస్ట్‌హౌసును మార్చి పెట్టిన హోము. మెట్ల స్థానంలో సిమెంటు వాలు కట్టారు. ఒక్కో గదిలో ఆరు మంచాలు. గాలిలో డెట్టాల్ వాసనా, దాని కింద అణిగిన ఇంకో వాసనా. ఒక నర్సు ఆయనకి చూపించింది: బిగుసుకుపోయి మోచేతి దగ్గర మడతపడ్డ చెయ్యిని చొక్కా చేతిలోకి దూర్చాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ ముసలాయన నొప్పికి పెదవులు బిగించి పైకప్పుకేసి చూస్తున్నాడు. నిలబడలేని మనిషికి మాస్టారు జన్మలో కొలతలు తీయలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చొని, దుప్పటి కిందనుంచి టేపు జరుపుతూ పదకొండు మందికి కొలతలు తీశాడు. కొందరి భుజాలు ఎనిమిదేళ్ల పిల్ల భుజాలంతే ఉన్నాయి. నడుం మాత్రం చెప్పలేనంత. ఏ అట్టకీ అమరని ఒళ్లు అవి.

మూడు వారాలు పట్టింది. పాత దుప్పట్లు కత్తిరించి, తనే కుట్టి, తనే మంచం మీద పడుకొని భార్యతో తొడిగించుకొని చూశాడు. "ఇదేం ఖర్మండీ" అంటూనే ఆవిడ తొడిగేది. చివరికి కుదిరింది. వెనకంతా తెరుచుకొనే గౌను. రెండు ముక్కలు వీపు మీద ఒకదాని మీద ఒకటి పడి, ఒరుసుకోకుండా ఒక పక్కకి టిచ్ బటన్లతో అతుక్కుంటాయి. భుజం నుంచి మోచేతి దాకా కూడా అవే బటన్లు. చెయ్యి ఎత్తక్కర్లేదు, ఒళ్లు లేపక్కర్లేదు. ముందునుంచి పరిచి, భుజాల మీద నొక్కి, పక్కకి తిప్పి వెనక సర్దితే అయిపోయింది. హోములో నర్సు ఒక్కతే రెండు నిమిషాల్లో ఆ ముసలాయనకి తొడిగింది. ఆయన పైకప్పుకేసి చూడలేదు. నర్సు మళ్లీ ఒకసారి తీసి, ఒకసారి తొడిగి చూసి, "ఎక్కడున్నారండీ ఇన్నాళ్లూ మీరు?" అంది. మాస్టారి గుండె చాలా ఏళ్ల తరవాత నిండింది. ఆ ఒక్క సాయంత్రం ఆయన ఇంటికి నడుచుకుంటూ, తనలో తను మాట్లాడుకుంటూ వెళ్లాడు.

ఆరు హోములూ ఆర్డరిచ్చాయి. ఇంకో రెండు అడిగాయి. హాల్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. మేడమ్ మళ్లీ గదిలోకి పిలిచేదాకా మాస్టారు కూడా అదే అనుకున్నాడు.

"ఆరేళ్ల పిల్ల గౌనుకి మొదటి కుట్టు నుంచి ఆఖరి కాజా దాకా ముప్ఫై ఒక్క పని," అంది ఆవిడ. "మీ కొత్త గౌనుకి తొమ్మిది. మూడే సైజులు. కుచ్చు లేదు, కాలరు లేదు, లైనింగు లేదు. మనకి యాభై నాలుగు మంది ఉన్నారు మాస్టారూ. ఇరవై రెండు మంది చాలు."

తొమ్మిది పనులకి తగ్గించినందుకే నెల కిందట మాస్టార్ని అందరి ముందూ మెచ్చుకొంది ఆవిడ. కుట్టు ఒరుసుకుంటే పడుకున్నవాళ్ల వీపు పుండు పడుతుందని, ఒక్కో కుట్టూ ఆయనే ఏరి తీసేశాడు.

"ఎవరుండాలో జాబితా మీరే రాయండి," అంది మేడమ్. "నేను రాస్తే ఏడుస్తారు, తిడతారు. మీరు రాస్తే పని చూసి రాశారని ఊరుకుంటారు. మీ మాట మీద వాళ్లకి గురి."

జాబితా మనుషుల పేర్లతో కాదు, మిషను నంబర్లతో రాయాలి. కంపెనీ పద్ధతి అది. మాస్టారు మూడు రోజులు వరుసల మధ్య తిరిగాడు. కొత్త గౌనుకి కావాల్సింది ఒకటే, పొడవాటి సూటి కుట్టు ఆగకుండా లాగేయడం. కుర్రమ్మాయిలు రయ్యిన లాగేస్తున్నారు. కుచ్చులక్క వేళ్లు మాత్రం ప్రతి జానెడుకీ ఆగేవి. గుడ్డ అక్కడ ఏదో చెబుతున్నట్టు, దాన్ని విని సర్ది, మళ్లీ కదిలించేది. అలా వినమని నేర్పింది ఆయనే.

"కాస్త త్వరగా కానియ్యి," అన్నాడు ఆమె పక్కన ఆగి.

"త్వరగా అయితే ఎక్కడికెళ్తాడు బావా ఆ ముసలాయన? మంచం మీదే కదా ఉండేది," అని నవ్వింది ఆమె. పక్క మిషన్లవాళ్లూ నవ్వారు. మాస్టారు నవ్వలేక ముందుకి నడిచాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఇరవై ఒక్క నంబర్లు రాశాడు. ఇరవై రెండోది మిగిలింది. ఒకవైపు నలభై ఐదో నంబరు, ఇద్దరు బడిపిల్లల తల్లి, చేతివేగం ఉన్నది. ఇంకోవైపు పదిహేడు, కుచ్చులక్క. పదిహేడు రాస్తే మరదలు కాబట్టి ఉంచాడంటారు. తీసేస్తే మరదలైనా ఉంచలేదు చూడు, ఎంత నిఖార్సైన మనిషో అంటారు. మాస్టారు నలభై ఐదు రాశాడు. పని చూసే రాశానని ఆయన తనకి తను చెప్పుకొన్నాడు. అది అబద్ధమూ కాదు. కానీ ఆ రెండో మాట, నలుగురూ తన గురించి అనబోయే ఆ మంచి మాట, పెన్ను పట్టుకున్నప్పుడు తన చెవిలో వినబడిందా లేదా అన్నది ఆ తరవాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆయనకే తేలలేదు.

శనివారం పొద్దున సూపర్‌వైజరు మిషన్లు ఆపించి ఉండబోయేవాళ్ల నంబర్లు చదివాడు. చదవడం అయిపోయాక వెనక వరుసలో ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. కుచ్చులక్క లేచి నేరుగా కటింగ్ బల్ల దగ్గరికి వచ్చింది.

"బావా, పదిహేడు చదవడం మరిచిపోయినట్టున్నాడు. ఓసారి కాగితం చూడు."

మాస్టారు సుద్దముక్క పట్టుకొని నిలబడ్డాడు. "మరిచిపోలేదు," అన్నాడు.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. ఆయన ముఖం చూశాక అర్థమైంది. "ఎవరు రాశారు?"

"నేనే."

ఆమె బల్ల అంచు వేళ్లతో రుద్దింది. గొంతు పెంచలేదు. "అక్కకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

ఆయన జవాబు చెప్పేలోపే ఆమె వెనక్కి వెళ్లి, మిషను సొరుగులోంచి తన కత్తెర, నూనె డబ్బా, కళ్లద్దాలు తీసి సంచిలో వేసుకొంది. మిషను మీద కవరు కప్పింది. కవరు మడత సరిగ్గా పడలేదని మళ్లీ తీసి సరిచేసింది. తరవాత మెట్లు దిగిపోయింది.

భార్య ఆయన్ని తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ అంతా విని, "ఇరవై రెండు మందిలో ఒక్క చోటు దొరకలేదా?" అని ఒక్క మాట అడిగింది. ఆయన కుట్టు సంగతి, నలభై ఐదో నంబరు సంగతి, న్యాయం సంగతి చెప్పాడు. "న్యాయమే," అంది ఆవిడ. "నేను కాదన్నానా?" ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం వేళకి వడ్డించేది, మందులు వేళకి ఇచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అడగనిది ఒక్కటీ చెప్పేది కాదు. ప్రతి ఆదివారం వచ్చి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పే చెల్లెలు రావడం మానేసింది. ఆవిడే చెల్లెలి గదికి వెళ్లొచ్చేది. వచ్చాక అక్కడి సంగతులు ఆయన ముందు ఎత్తేది కాదు.

కంపెనీ నడిచింది. గోడ మీది అట్ట నమూనాలు దింపి పాత పేపర్లవాడికి వేశారు. కుచ్చులక్క మిషను ఉన్నచోట బట్టలు మడతపెట్టే బల్ల వేశారు. మాస్టారు తెల్లగుడ్డ, లేత నీలం గుడ్డ, మళ్లీ తెల్లగుడ్డ కత్తిరించేవాడు. ఇరవై పొరలు ఒక్కసారే. కళ్లు మూసుకొని చెయ్యగలిగే పని. ముప్ఫై రెండు మందిని పంపించినా మిగతా ఇరవై రెండు మంది కడుపు నిండుతోంది కదా అని రోజూ పొద్దున మెట్లెక్కుతూ అనుకొనేవాడు. ఆ ఒక్క మాట ఊతంగా పట్టుకొని పధ్నాలుగు నెలలు గడిపాడు.

పదిహేనో నెలలో ఒక హోము ఆర్డరు ఆపేసింది. తరవాత ఇంకోటి. మేడమ్ కనుక్కోవడానికి వెళ్తే తెలిసింది: హోముల్లో బట్టలు ఉతికేవాళ్లు దొరకడం లేదు. ఆ పనికి వచ్చే వయసువాళ్లే లేరు, ఉన్న కొద్దిమందీ రోగుల్ని ఎత్తే పనికి సరిపోవడం లేదు. అందుకని ఒక పెద్ద కంపెనీ దగ్గర, ఒకసారి తొడిగి పారేసే కాగితం లాంటి గౌన్లు తెప్పించుకుంటున్నారు. ఉతకక్కర్లేదు, మడతపెట్టక్కర్లేదు. అవి యంత్రమే కట్టలు కట్టలుగా దించేస్తుంది, కుట్టేవాళ్లతో పని లేదు. ఆరు నెలల్లో ఎనిమిది హోముల్లో ఏడు వెళ్లిపోయాయి.

మేడమ్ ఆఖరుసారి మాస్టార్ని పిలిచినప్పుడు బల్ల మీద కాగితాలేవీ లేవు.

"నేను అంతా చూశాననుకున్నాను మాస్టారూ," అంది. "ముసలివాళ్లు పెరుగుతారని చూశాను. వాళ్ల బట్టలు ఉతికేవాళ్లు తగ్గుతారని చూడలేకపోయాను. పుట్టని పిల్లలే కదా ఇవాళ ఉతకడానికి రానివాళ్లు. ఆ కాగితాల్లోనే ఉంది అదీ. నాకు కనబడలేదు."

"ఎవరికి కనబడుతుందమ్మా," అన్నాడు మాస్టారు. ఆవిడ ఏడ్చింది. ఆయనకి ఏడుపు రాలేదు. ఇరవై రెండు నంబర్లూ, ముప్ఫై రెండు నంబర్లూ ఇప్పుడు ఒకటే అయిపోయాయన్న ఆలోచన ఒక్కటే తలలో తిరిగింది. ఆ శనివారం పొద్దున ఎవరినీ ఏడిపించకుండా ఉన్నా సరిపోయేది. ఆ కాగితం రాయకపోయినా ఇదే జరిగేది, రాసినా ఇదే జరిగింది.

కంపెనీ మూసేసిన వారానికి భార్య తనంతట తనే నోరు విప్పింది. "చెల్లి ఆ రోడ్డు పక్క హోములో పనిచేస్తోంది. ఏడాది అవుతోంది. నడుం పట్టేసి లేవలేకపోతోంది. ఓసారి చూసిరండి." మాస్టారు ఆశ్చర్యపోయాడు. ఏడాదిగా తను కత్తిరించిన గౌన్లు మరదలు చేతుల్లోకే వెళ్తున్నాయన్నమాట.

మధ్యాహ్నం వెళ్లాడు. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, రిజిస్టరు ముందుకి లాక్కొని, "అడ్మిషన్ మీకేనా, ఇంట్లో ఎవరికైనానా?" అని అడిగింది. తన వాళ్లని చూడటానికి వచ్చానని చెప్పి లోపలికి నడిచాడు.

కుచ్చులక్క చివరి గదిలో ఉంది. నడుంకి బెల్టు కట్టుకొని ఉంది. ఒక పెద్దావిడని పక్కకి తిప్పి గౌను సర్దుతోంది. గుడ్డ గౌన్లు వాడే ఆఖరి హోము ఇదే, అవి కూడా ఉన్నవి చిరిగేదాకానే. ఆయన్ని చూసి ఆమె చేతులు ఆగాయి, మళ్లీ పనిలో పడ్డాయి.

"కంపెనీ సంగతి అక్క చెప్పింది," అంది.

"ఊఁ."

"కూర్చో. ఆ స్టూలు లాక్కో."

ఆయన కూర్చున్నాడు. పెద్దావిడ పక్కకి తిరిగి ఉండి, గోడకేసి చూస్తూ ఏదో గొణుగుతోంది. కుచ్చులక్క వంగి ఆవిడ చెవి దగ్గర, "అలాగేనమ్మా, ముందుకే పెడతాను, ఉండు" అంది. గౌను విప్పి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ తిప్పి తొడగడం మొదలుపెట్టింది. అలా తొడగడానికి ఆవిడ ఒంటిని రెండుసార్లు లేపాల్సి వచ్చింది. లేపిన ప్రతిసారీ కుచ్చులక్క పళ్లు బిగించడం మాస్టారు చూశాడు.

"అదేంటి, తిరగేసి తొడుగుతున్నావు? నడుం నొప్పితో?"

"రోజూ ఇదే గొడవ బావా. వెనక గుండీలు చంటిపిల్లలకి పెడతారు, నేనేమైనా చంటిపిల్లనా, నా గుండీలు నేను పెట్టుకోలేనా అని ఏడుస్తుంది. పెట్టుకోలేదు, చేతులు రావు. కానీ ముందుంటే వేళ్లతో తడుముకుంటూ ఊరుకుంటుంది. ఈవిడొక్కతే కాదు, ఈ గదిలో నలుగురున్నారు అలా అనేవాళ్లు."

మాస్టారు మంచం మీది చేతివేళ్లకేసి చూశాడు. ఛాతీ మీద ఒక్కో టిచ్ బటనూ వెతుక్కుంటూ పోతున్నాయవి. పదకొండు మందికి కొలతలు తీశాడు. భుజం, వీపు, మోచేయి, మెడ. నర్సుని వంద ప్రశ్నలు వేశాడు. తొడుక్కునేవాళ్లని ఒక్క మాట అడగాలని తోచలేదు.

"నాకు చెప్పి ఉండొచ్చుగా," అన్నాడు. "మార్చేవాణ్ణి."

"నీతో మాటల్లేవు కదా," అంది కుచ్చులక్క. ఆ మాటలో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

ఆయన తను వచ్చిన దారంతా ఒక మాట కూడబలుక్కుంటూ వచ్చాడు. తప్పైపోయింది అనాలని. కానీ ఏది తప్పో సరిగ్గా చెప్పలేని మాటని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "నడుం ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఉంది." తరవాత ఆమే అంది, "ఈ నెల తరవాత రానివ్వరేమో. లేపలేనివాళ్లని ఎందుకు పెట్టుకుంటారు? నాకు న్యాయమే అనిపిస్తుంది బావా అది. నువ్వు రాసింది కూడా న్యాయమే అనుకున్నాను చాలా రోజులు. అనుకొని అనుకొని విసుగొచ్చింది." పక్కమంచం వాళ్లెవరో పిలిస్తే ఆమె బెల్టు సర్దుకొని లేచింది. "వెళ్లు. అక్కని మోకాళ్లకి కాపడం పెట్టుకోమన్నానని చెప్పు."

ఆయన ఇంటికి వచ్చాడు. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎలా ఉంది?" అంది. "కాపడం పెట్టుకోమంది నిన్ను," అన్నాడు. ఆవిడ ఇంకా ఏదో ఉంటుందని కాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాత మాస్టారు బజార్లో ఒక దర్జీ షాపులో కుదిరాడు. పెద్దవాళ్ల ప్యాంట్లు పొట్టి చేయడం, వదులైనవి బిగించడం. కుచ్చులక్కని హోమువాళ్లు నెల తిరక్కుండానే మానిపించారు. ఆమె గది ఖాళీ చేసి అక్క ఇంటికే వచ్చేసింది. ఇప్పుడు ముగ్గురూ ఒక ఇంట్లోనే ఉంటారు. ఒకరి వేళకి ఒకరు అన్నం పెట్టుకుంటారు, ఒకరి మందులు ఒకరు గుర్తుచేసుకుంటారు. అక్కాచెల్లెళ్లు వంటింట్లో మెల్లగా మాట్లాడుకుంటారు. మాస్టారు ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుంటాడు. బడి వదిలే వేళకి వీధిలో ఒకరో ఇద్దరో పిల్లలు వెళ్తారు. ఆయన వాళ్ల భుజాలకేసి చూడటం మానేశాడు.